బామ్ వాసన

మెట్టుగూడ దాటుతుండగా బస్సులో ఒక ముసలావిడ వచ్చి నా పక్కన కూర్చుంది. కూర్చోగానే బామ్ వాసన గుప్పుమంది. ఎవరికైనా ఆ వాసనకి అమ్మమ్మో నాయనమ్మో గుర్తొస్తారు. నాకు రెండో సెమిస్టర్ ఆర్గానిక్ కెమిస్ట్రీ గుర్తొస్తుంది. ఫోన్లోంచి తలెత్తి, నిలబడ్డవాళ్లలో ఖాకీ చొక్కా ఎవరైనా ఉన్నారా అని బస్సంతా వెతికాను. ఉన్న ఒక్క ఖాకీ కండక్టరమ్మది. ఆవిడ నన్ను టికెట్ లేని దాన్ని చూసినట్టు చూసింది.

ఆ పూటే నా క్లాస్‌మేట్‌కి ఫోన్ చేశాను. తను ఇప్పుడు మా కాలేజీలోనే పాఠాలు చెబుతోంది. మా ఆర్గానిక్ ల్యాబ్ అటెండర్ అన్న రిటైరయ్యాక ఎలా ఉన్నాడే అని అడిగాను. పోయిన వానాకాలంలోనే పోయాడట. గ్రూపులో పెట్టాం కదా, నువ్వు చూడలేదా అంది. పొద్దున లేస్తే పూల బొమ్మలు, పుట్టినరోజు కేకులు తప్ప ఆ గ్రూపులో ఏమీ రావని నేనే దాని నోరు మూసి పెట్టాను. ఆయన చావు కబురు నా ఫోన్లో చప్పుడు చేయకుండా అన్ని నెలలు పడి ఉందన్నమాట.

ఆ కబురు విని నాకు ముందు ఏడుపు రాలేదు, నా మీద నాకు కోపం వచ్చింది. ఆయనకి ఒక మాట చెప్పాలని తొమ్మిదేళ్లుగా అనుకుంటున్నాను. తప్పయింది అన్నా అని. రెండే మాటలు. ఈ రెండు మాటలు చెప్పడానికి తొమ్మిదేళ్లు చాలని మనిషిని ఏమనాలో నాకు తెలియదు.

ఆయన పేరు నాకు తెలుసు. కానీ ఆ పేరుతో ఆయన్ని పిలిచినవాళ్లని నేను చూడలేదు. యాభై అయిదేళ్ల మనిషిని పద్దెనిమిదేళ్ల పిల్లలం అన్నా అనేవాళ్లం. కాలేజీలో అటెండర్ ఎంత పెద్దవాడైనా అన్నే. ప్రిన్సిపాల్ మేడమ్ కూడా ఆర్గానిక్ అన్నని పిలవండి అనేది. సన్నటి మనిషి, కడిగి కడిగి రంగు వెలిసిన ఖాకీ చొక్కా, భుజం మీద తడి తువ్వాల. చొక్కా జేబులో ఒక పక్క అగ్గిపెట్టె, ఒక పక్క బామ్ డబ్బీ. ముప్పై ఏళ్లు బండల మీద నిలబడి నిలబడి ఎడమ మోకాలు పోయింది. టీ టైంలో స్టోర్ రూములోకి వెళ్లి, ప్యాంటు మోకాలిదాకా మడిచి, కళ్లు మూసుకుని బామ్ రుద్దుకునేవాడు. తర్వాత ఆయన ఎక్కడున్నాడో వెతకక్కర్లేదు. మెట్లెక్కుతుంటేనే అన్న వచ్చేశాడని మాకు తెలిసిపోయేది.

టెస్ట్ ట్యూబు కడిగాక దాన్ని తలకిందులు చేసి, కిటికీ వెలుతురుకి పట్టుకుని, ఒక కన్ను మూసి అందులోంచి చూసేవాడు. అవతల మామిడి చెట్టు కనిపిస్తే కడిగినట్టు. కనిపించకపోతే మళ్లీ కడగడమే. సన్నటి గాజు గొట్టాల కొసల్ని మంటలో మూసి టీ పొడి డబ్బాలో దాచేవాడు. పొడి ఎంత వేడికి కరుగుతుందో చూడటానికి ఆ గొట్టాలు కావాలి. మేము చేస్తే సగం విరిగేవి, సగం వంకర పోయేవి. యాసిడ్ పొగలకి సీసాల మీద చీటీలు పాడైపోతే కొత్తవి ఆయనే రాసి అతికించేవాడు, తెలుగులో, గుండ్రటి అక్షరాలతో. ఎసిటోను, బెంజాల్డిహైడు, నాఫ్తలీను. పదో తరగతి దాకా చదివిన మనిషి. కొన్ని చీటీల మీద పేరు కింద చిన్నగా ఇంకో ముక్క ఉండేది. బెంజాల్డిహైడు సీసా మీద ‘బాదం వాసన’ అని ఉండేది.

వాసన చూడటం ఆయన దగ్గర నేర్చుకోవాలి. నేను మొదటిసారి ట్యూబులో ముక్కు పెట్టబోతే నా మణికట్టు పట్టుకుని ఆపాడు. ఆ ట్యూబుని జానెడు దూరంలో ఉంచి, రెండో అరచేత్తో దాని మీది గాలిని మెల్లగా తన వైపు తోసుకుని చూపించాడు.

“ముక్కు తీస్కపోయి గొట్టంల పెట్టకు బిడ్డా. వాసనే వస్తది, నువ్వు పోవుడెందుకు? గిట్ల, జెర గాలిని పిలువు.”

ఈ గాలిని పిలవడం ఆయనకి ల్యాబు దాటినా పోలేదు. టీ గ్లాసు మీద కూడా అలాగే చెయ్యి ఊపి, తర్వాతే తాగేవాడు. క్యాంటీన్ సమోసా మీద ఊపి ‘నూనె నిన్నటిది’ అని పక్కన పెట్టేసేవాడు. మా టిఫిన్ డబ్బాల మీద ఊపి ఎవరింట్లో ఏం పోపు వేశారో చెప్పేవాడు. మేము వెనక నిలబడి ఆయన్ని అనుకరించి పడీ పడీ నవ్వేవాళ్లం. ఆయన వెనక్కి తిరిగి చూసి, చెయ్యి ఇంకొంచెం మెల్లగా ఊపాలని సరిదిద్దేవాడు.

ఇప్పుడు నా సంగతి. మా నాన్న కార్ఖానా బస్తీలో టైలరు. సిపాయిల యూనిఫాంలు కుడతాడు. మా ఇంట్లో సైన్స్ చదివిన మొదటిదాన్ని నేనే, మొదటి సెమిస్టర్లోనే కెమిస్ట్రీ తప్పినదాన్నీ నేనే. నాన్న తిట్టలేదు. రెండో సెమిస్టర్లో ఇంకోటి పోతే సైన్స్ బంద్, మిషన్ మీద కూర్చో అన్నాడు, అంతే. ఆయన గొంతు పెంచకుండా చెప్పిన మాటలన్నీ జరిగి తీరతాయి.

పైగా రెండో సెమిస్టర్ అంటే ఆర్గానిక్. మేడమ్ బోర్డు నిండా వంపు బాణాలు గీస్తూ, ఎలక్ట్రాన్లు ఇక్కణ్ణుంచి అక్కడికి పోతాయి అనేది. ఎందుకు పోతాయో ఆ పోయేవాటికే తెలియాలి. ఆరు మూలల బెంజీన్ గీయమంటే నాది ఒక పక్కకి ఒరిగిపోయేది. ఇక ప్రాక్టికల్స్‌లో సీసాకో నంబరు, సీసాలో తెల్ల పొడి. పది సీసాలుంటే పదీ తెల్లగానే ఉంటాయి. ఆ పొడి ఏమిటో పరీక్షలు చేసి కనిపెట్టాలి.

కనిపెట్టేవాళ్లు తక్కువ, వండేవాళ్లు ఎక్కువ. వండటం అంటే మా కాలేజీలో అందరికీ తెలిసిన విద్య. ముందు జవాబు ఎలాగో తెలుసుకోవాలి. తర్వాత ఆ జవాబుకి ఏ పరీక్షలో ఏ రంగు రావాలో రికార్డులోంచి గుర్తు తెచ్చుకుని, వచ్చిందని రాసేయాలి. పరీక్షనాడు పక్క ల్యాబుల్లో అటెండర్లు జవాబు చెవిలో వేసేవారని సీనియర్లు చెప్పేవాళ్లు. మా అన్న దగ్గర ఆ పప్పులు ఉడికేవి కావు. ఎంత బతిమాలినా ఒకటే సమాధానం.

“నాకేం ఎరుక బిడ్డా? సీసకెరుక, దాన్నడుగు. చూసినంక రాయి.”

చూసినంక రాయి. ప్రాక్టికల్స్ ఉన్న ప్రతి గురువారం ఆ మాట మాకు పాత పాటలా వినబడేది. ఒక గురువారం సాలిసిలిక్ యాసిడ్ పరీక్షలు చేశాం. దాన్ని మిథైల్ ఆల్కహాల్‌తో కలిపి, నాలుగు చుక్కలు గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్ వేసి, వేడిచేసి నీళ్లలో పోస్తే బామ్ వాసన వస్తుంది. బామ్‌లో ఉండే నూనె అదే. ముప్పైమందిమి ఒకేసారి పోశాం. ల్యాబంతా బామ్. అందరం ఒకేసారి ఆయన వైపు తిరిగి చూశాం. అందరికంటే ముందు ఆయనే నవ్వాడు. ఇన్నేండ్లు నేను ఒక్కన్నే మోసిన వాసన, ఇవాళ మీరు సుత మోస్తున్నరు అన్నాడు. ఆ నవ్వు నాకు బాగా గుర్తు. తర్వాత జరిగినదాన్ని తలుచుకుంటే ఆ నవ్వే నన్ను ఎక్కువ బాధ పెడుతుంది.

పరీక్షనాడు నాకు పదకొండో నంబరు సీసా వచ్చింది. బయటి కాలేజీ నుంచి ఎగ్జామినర్ సారు వచ్చి మేడమ్ పక్కన కూర్చున్నాడు. లావు కళ్లద్దాలు, నవ్వని మొహం. తెల్లగా మెరిసే పొడి, వంటసోడా నీళ్లలో వేస్తే బుసబుస పొంగింది. అంటే యాసిడ్. దాన్ని మిథైల్ ఆల్కహాల్‌తో కలిపి అన్నా అని పిలిచాను. గాఢ యాసిడ్ పిల్లల చేతికి ఇవ్వకూడదు, అన్నే వచ్చి చుక్కలు వేయాలి, అది ల్యాబు రూలు. వచ్చి వంగి, నాలుగు చుక్కలు లెక్కపెట్టి వేశాడు. పక్క అమ్మాయి కూడా పిలిస్తే అక్కడే నిలబడి దానికీ వేస్తున్నాడు. నేను వేడిచేసి, బీకరులో నీళ్లలో పోసి, ఆయన నేర్పినట్టే చేత్తో గాలిని పిలిచాను.

బామ్ వాసన. ఏమాత్రం అనుమానం లేని, ఘాటైన బామ్ వాసన.

నా సంతోషం చెప్పలేను. సాలిసిలిక్ యాసిడ్! మిషన్ లేదు, కుట్టు లేదు, సైన్స్ ఉంది. పెన్ను తీసి గబగబా వండేశాను. సాలిసిలిక్ అయితే ఫెర్రిక్ క్లోరైడ్ వేసినప్పుడు ఊదా రంగు రావాలి కదా. ఊదా రంగు వచ్చినది అని రాసేశాను. ఫెర్రిక్ క్లోరైడ్ సీసా మూత కూడా తీయలేదు.

అన్న అప్పటికింకా నా పక్కనే ఉన్నాడు. ఆయన కళ్లు నా కాగితం మీద పడ్డాయి, తర్వాత నా స్టాండులోని ట్యూబుల మీద. వాటిలో ఎక్కడా ఊదా లేదు.

“చూసినంక రాసినవా?” అన్నాడు. నాకే వినబడేంత మెల్లగా.

అని, యాసిడ్ సీసా తీసుకుని కుంటుకుంటూ ల్యాబు ఆ కొసకి, కిటికీ దగ్గరికి వెళ్లిపోయాడు. జవాబు ఆయన చెప్పలేదు, సైగ చేయలేదు. వారం వారం అడిగే మాటే అడిగాడు. నాకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. మూత తీసి ఫెర్రిక్ క్లోరైడ్ వేశాను. ఊదా రాలేదు. లేత గోధుమ రంగు మడ్డి అడుగున దిగింది. బీకరు తీసుకుని మళ్లీ గాలిని పిలిచాను. ఈసారి బామ్ లేదు. ఏదో పండు వాసన, తియ్యగా, పలచగా ఉంది. ఇందాకటి బామ్ ఏమైంది? తలెత్తి చూస్తే కిటికీ దగ్గర అన్న మోకాలు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

అప్పుడు వెలిగింది. నేను వాసన చూసింది సీసాని కాదు, అన్నని.

రాసిందంతా కొట్టేశాను. ఆయన మూసిపెట్టిన గాజు గొట్టంలో పొడి నింపి వేడిచేస్తే నూట ఇరవై రెండు డిగ్రీల దగ్గర కరిగింది. బెంజోయిక్ యాసిడ్. ఈసారి ప్రతిదీ చూసి రాశాను.

తర్వాత ఎగ్జామినర్ సారు నన్ను పిలిచాడు. ముందు సాలిసిలిక్ అని రాసి ఎందుకు కొట్టేశావని అడిగాడు. పొరపాటైంది సార్ అంటే సరిపోయేది. కానీ గండం గడిచిన ఊపులో ఉన్నాను, నోరు ఆగలేదు.

“ఆ వాసన సీసాది కాదు సార్, మా అటెండర్ అన్న మోకాలిది” అన్నాను.

అంతవరకు నవ్వని మనిషి కళ్లద్దాలు తీసి తుడుచుకునేంత నవ్వాడు. మేడమ్ నవ్వింది. ముప్పైమందీ నవ్వారు. నేనూ నవ్వుతూ అన్న వైపు చూశాను, ఆ గురువారంలాగే ఆయనా నవ్వుతుంటాడని. ఆయన నవ్వడం లేదు. నా వైపు ఒకసారి చూసి, తన అరచేతులు చూసుకున్నాడు. జేబులో డబ్బీని ఇంకాస్త లోపలికి తోశాడు. నా నవ్వు సగంలో ఆగిపోయింది.

పాసయ్యాను. మంచి మార్కులే వచ్చాయి. నాన్న నాకు కొత్త ల్యాబు కోటు కుట్టి పెట్టాడు. కాలేజీలో అన్నకి సాలిసిలిక్ అన్న అని కొత్త పేరు పడింది. నేను పెట్టలేదు, కానీ నా వల్లే పడింది. జూనియర్లు ఆయన దాటుతుంటే ముక్కు ముందు చేతులు ఊపేవాళ్లు.

కానీ మళ్లీ కాలేజీ తెరిచినప్పటి నుంచి ఊపడానికి ఏమీ లేదు. ఆయన దగ్గర బామ్ వాసన రావడం మానేసింది. జేబులో అగ్గిపెట్టె ఒక్కటే ఉండేది. కుంటడం ఎక్కువైంది. ట్యూబులు కడుగుతూ కడుగుతూ సింకుకి ఆనుకుని, పెదవి బిగించి, కాలు మార్చుకునేవాడు. నాకు అర్థమైపోయింది. నలుగురిలో నవ్వులపాలు చేశాను, మనిషి మనసు విరిగింది, డబ్బీ పారేశాడు. ఇంకేం కావాలి అర్థం కావడానికి?

చెప్పాలని వెళ్లినప్పుడల్లా ఏదో ఒకటి. ఒకసారి సమోసాలు పట్టుకుని వెళ్లాను. వాటి మీద చెయ్యి ఊపి ‘ఇవాళ్టి నూనె’ అని మెచ్చుకుని రెండు తిన్నాడు. ఆ సంతోషం చెడగొట్టబుద్ధి కాలేదు. నాతో ఎప్పటిలాగే మాట్లాడేవాడు, అదే నాకు కష్టంగా ఉండేది. కోపంగా ఉన్నా కాళ్లు పట్టుకునేదాన్ని. మూడో ఏడాది చివరి రోజు స్టోర్ రూము గుమ్మంలో నిలబడ్డాను. గాజు గొట్టాలు మంటలో మూస్తూ కూర్చున్నాడు. వెళ్లొస్తా అన్నా అన్నాను. ఆగమని, ఓ పాతిక గొట్టాలు కాగితంలో చుట్టి ఇచ్చాడు. ఎక్కడ పనికి చేరినా ఇవి అవసరం పడతాయని. తీసుకుని వచ్చేశాను. చెప్పాల్సింది చెప్పనే లేదు.

నాచారంలో మందుల కంపెనీలో చేరాను. నాణ్యత చూసే విభాగం. అక్కడ కరిగే వేడి మిషనే చూసుకుంటుంది, గొట్టాలు కూడా కొన్నవే. చేరిన వారంలో మాకు మూడు రోజులు ట్రైనింగ్ ఇచ్చారు. మొత్తం సారం ఒకటే, కంటితో చూడనిది కాగితం మీద రాయకూడదు. తెర మీద బొమ్మలు మారుతుంటే నాకు మాత్రం కిటికీ దగ్గర కుంటుతూ నిలబడ్డ మనిషే కనబడ్డాడు.

ఫోన్లో ఆయన కబురు తెలిసిన వారం, ఆదివారం నాడు లాలాగూడ వెళ్లాను. రైల్వే క్వార్టర్ల వెనక గల్లీ, పిండి గిర్ని పక్క ఇల్లు అని ఆయన ఎప్పుడో చెప్పిన గుర్తు. గిర్ని ఇంకా నడుస్తోంది. పక్కింటి గడప మీద ఆయన భార్య చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కూర్చుని ఉంది. కాలేజీలో అన్న దగ్గర చదువుకున్నానమ్మా అంటే లోపలికి రమ్మంది. గోడ మీద ఫోటో. ఫోటోలో కూడా ఖాకీ చొక్కానే. దండం పెట్టుకున్నాను. తప్పయింది అనే మాట ఫోటోకి చెప్పాలనిపించలేదు, ఆమెకి చెప్పాలనుకున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, చివర్లో మోకాలు ఎలా ఉండేదమ్మా అని అడిగాను.

“ఏం చెప్పాలె బిడ్డా. రాసుకుంటె జెర ఆగుతుండె. గనీ కాలేజ్ ఉన్న దినం డబ్బీ ముట్టకపోతుండె” అంది. “పొద్దంత గట్లనే నిలబడి, ఇంటికొచ్చినంక రాసుకుంటుండె. ఎంత మొత్తుకున్నా ఇనకపోతుండె. పిల్లలు వాసన వట్టి చదువుతరే, నా వాసన అడ్డం రావద్దు అంటుండె. రిటైరయ్యేదాక, అయిదేండ్లు గిట్లనే.”

ఎప్పటి నుంచి అలా అని అడిగాను. అడగకుండానే నాకు తెలుసు.

“ఎవరో పిల్ల పరీక్షల ఈయన వాసన జూసి తప్పు రాసిందట. నా పాపానికి ఆ పిల్ల ఫెయిల్ అవుతుండెనే అని ఆ పూట బువ్వ తినలే. గనీ ఆ పిల్లనే మల్ల కనిపెట్టి, బయటి సారుకు మొఖం మీదనే చెప్పిందట. ఆ ముచ్చట ఎంతమందికి చెప్పిండో. ముప్పై ఏండ్లసంది నేర్పుతున్న, ఒక్క పిల్ల నన్ను సుత పరీక్ష చేసి చెప్పింది అని ఒకటే సంబురం.” ఆమె నా మొహంలోకి చూసింది. “ఆ పిల్లెవరో నీకు ఎరుకనా బిడ్డా?”

“నేనేనమ్మా” అన్నాను.

ఆమె చేతిలో కాయ పళ్లెంలో పెట్టేసింది. నా తల మీద చెయ్యి పెట్టింది.

“జెర ముందుగాల రావాల్సుండె” అంది.

ఆయన నొచ్చుకోలేదు. తొమ్మిదేళ్లు నేను మోసిన బరువు అసలు లేనే లేదు. దాని బదులు అయిదేళ్ల నొప్పి ఉంది, ఆయన కాలిది, నాలాంటివాళ్ల ముక్కుల కోసం. మనసు విరిగిందని నా అంతట నేనే రాసేసుకున్నాను. ఒక్కసారి దగ్గరికి వెళ్లి అడిగి చూడలేదు. చూసినంక రాయి అన్న మనిషి గురించే చూడకుండా వండేశాను.

ఆమె గూట్లోంచి డబ్బీ తీసి నా చేతిలో పెట్టింది. ఆఖరున వాడింది, పారేయబుద్ధి కాలేదంది. మూత తిప్పాను. అడుగున ఒక పక్కకి ఆయన వేలు తీసిన గుంట అలాగే ఉంది.

జానెడు దూరంలో పట్టుకుని చెయ్యి ఊపాలి. గాలిని పిలవాలి. వాసనే వస్తుంది, నువ్వు పోవద్దు అన్నాడు. నేను ముక్కు తీసుకుపోయి డబ్బీలో పెట్టాను.